అల్బిన్ వాకిలి మీద మా రాయి

మా ఇంటి రాయి పదకొండేళ్ళు అల్బిన్ వాకిలి మీద ఉంది. నేను పాలకు వెళ్ళాలన్నా, గుడికి వెళ్ళాలన్నా దాని ముందు నుంచే వెళ్ళాలి. తల ఎత్తేదాన్ని కాదు. ఎత్తకపోయినా అది అక్కడ ఉందని మెడకు తెలిసేది.

కామ్నిదోల్‌లో అంతా రాయే. గోడలు రాయి, పైకప్పులు రాతి పలకలు, వాననీళ్ళు బావిలోకి పోయే దోనెలు రాయి, పందుల తొట్లు రాయి. ప్రతి ఇంటి ముంగిలి చుట్టూ నిలువెత్తు గోడ, ఆ గోడలో బండి పట్టేంత కమాను వాకిలి. కమాను నడినెత్తిన ఒక రాయి ఉంటుంది. ఇల్లు కట్టిన సంవత్సరం, కట్టినవాడి పేరులో మొదటి అక్షరాలు, ఒక పువ్వో సూర్యుడో దాని మీద చెక్కి ఉంటాయి. మా ఊళ్ళో పిల్లనిచ్చేవాళ్ళు ఎంత తోట ఉందని తర్వాత అడుగుతారు, వాకిలి మీద ఏ సంవత్సరం ఉందని ముందు అడుగుతారు. మాది 1679. ఊళ్ళో అంతకంటే పాతది లేదు. అందుకే జూన్‌లో దివ్యసత్ప్రసాదం ఊరేగింపుకు చర్చి గురువుగారి తలపై పట్టే పందిరికి ముందు కుడి కర్ర మా ఇంటి మగవాడి చేతిలోనే ఉండేది. మా మామగారు పట్టారు. ఆయన తర్వాత నా భర్త ఎమిల్ పట్టాడు.

ఎమిల్ రాతిగనిలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. రాతిపొడి ఊపిరితిత్తుల్లో చేరింది. ఒక ఫిబ్రవరిలో ఆస్పత్రిలో చేర్చాం. ఆ నెలలోనే పక్కింటి అల్బిన్, ఎమిల్ చిన్నాన్న కొడుకు, పీపాలు వేసుకున్న ట్రాక్టరును సందులో వెనక్కి తోలుతూ మా వాకిలిని గుద్దాడు. ఒక పక్క కంబం జారి, కమాను మొత్తం సందులో కూలింది.

"నాదే తప్పు వదినా, నా చేతులు విరగ్గొట్టు," అన్నాడు అల్బిన్. టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "అన్నయ్య ఇంటికొచ్చేలోపు నిలబెట్టించే పూచీ నాది. ఈ రాళ్ళు దారిలో పడుంటే బుర్యా గాలికి మంచు పట్టి పగిలిపోతాయి. మా కొట్టంలో పెట్టించనా?"

"పెట్టించు," అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. అది దాచుకోను.

మే నెలలో ఎమిల్‌ను ఇంటికి తీసుకొచ్చాను. అప్పటికి అల్బిన్ తన వాకిలినే పడగొట్టి, ట్రాక్టరు సులువుగా పట్టేలా వెడల్పుగా మళ్ళీ కట్టుకున్నాడు. కొత్త కమాను నెత్తిన మా రాయి. సున్నం ఇంకా తెల్లగా ఉంది. మా వాకిలి ఉన్నచోట రెండు రాళ్ళ కుప్పలు, మధ్యలో ఖాళీ.

ఎమిల్ దగ్గుకుంటూ అక్కడికి వెళ్ళాడు. నేను వెనకే వెళ్ళాను.

"అల్బిన్, అది మా రాయిరా."

"తాత రాయి అన్నయ్యా. తాతకి నువ్వొక్కడివే మనవడివా? మూడొందల ఏళ్ళు మీ వైపు ఉంది. కొన్నాళ్ళు మా వైపు ఉంటే ఎండ తగలదా దానికి?" అని నవ్వాడు. ఎమిల్ కదలకపోయేసరికి గొంతు తగ్గించి, నేను వినేలాగే అన్నాడు. "అయినా మీకు పిల్లా పీచూ లేరు. నీ తర్వాత ఆ వాకిట్లోంచి బండి తోలేదెవడు? రాయికి వారసుడు కావాలిగా అన్నయ్యా."

ఎమిల్ వెనక్కి తిరిగాడు. ఇంటికొచ్చి, నీళ్ళు తాగి, "రాళ్ళు అతని కొట్టంలోకి ఎలా వెళ్ళాయి?" అని అడిగాడు.

"ఏమో. నేను ఆస్పత్రిలో నీ దగ్గరున్నాను కదా," అన్నాను.

జూన్‌లో పందిరి ముందు కుడి కర్ర అల్బిన్ పట్టాడు. గురువుగారు కొత్తవారు, వాకిలి మీద అంకెలు చూసి ఎవరు పట్టాలో తేల్చారు. ఎమిల్ మా ఖాళీ వాకిట్లో కుర్చీ వేసుకుని ఊరేగింపు వెళ్ళేదాకా కూర్చున్నాడు. అక్టోబరులో పోయాడు.

ఊరు చూడలేదా? చూసింది. అల్బిన్ ఏడాదికి మూడుసార్లు కూడలిలో ఐవీ తీగల గుత్తి వేలాడదీస్తాడు. ఇంట్లో వైన్ తీశామని, ఎనిమిది రోజులు ఎవరైనా వచ్చి తాగవచ్చని దాని అర్థం. ఊరంతా అతని ముంగిట్లో బల్లల ముందు కూర్చుని తెరాన్ అనే ఆ ఎర్ర వైన్ తాగుతూ, అతను పల్చగా కోసిన పంది తొడ మాంసం తింటూ పాటలు పాడేది. రాయి సంగతి ఎత్తితే, "మాకేం తెలుసు యుస్తీనా, రాళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయి," అనేవారు. జీవితమంతా రాళ్ళు కొట్టి బతికినవాళ్ళు ఆ మాట అన్నారు.

నా దగ్గర ఒక ఫోటో ఉంది. మా పెళ్ళినాడు తీసింది. కమాను కింద ఎమిల్, నేను. మా తలల మీద రాయి. అంకెలు, అక్షరాలు, సూర్యుడు, సూర్యుడికి ఎడమవైపు విరిగిన ఒక కిరణం, అన్నీ పడ్డాయి. వెనక మా బావి, మా మెట్లు. అది ఎవరి వాకిలో గుడ్డివాడైనా చెప్తాడు. దాన్ని పంచాయతీ పెద్దకు చూపిద్దామంటే ఆయనా అల్బిన్‌తో కలిసి తాగేవాడే. కోర్టుకు పోతే ఇంటి మగవాడు లేడు. అందుకని బీరువాలో దుప్పట్ల కింద పెట్టి, అల్బిన్ బల్ల దగ్గర ఎన్నడూ కూర్చోని మనిషి ఎవరైనా ఊళ్ళోకి రావాలని ఎదురుచూశాను. ఎమిల్ రాయి ఎమిల్ వాకిలి మీదికి తిరిగి రావాలి. అల్బిన్ నలుగురిలో దొంగ అనిపించుకోవాలి. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

పదకొండో ఏట ఆ మనిషి వచ్చింది.

కామ్నిదోల్ మొత్తాన్ని పాత రాతి ఊరిగా కాపాడాలని ప్రభుత్వం తలపెట్టిందట. ఇళ్ళు కొలిచి, తరగతులు వేయడానికి దారింకా అనే అమ్మాయి నిచ్చెన, టేపు, ఫోటోలు తీసే పెట్టె పట్టుకుని దిగింది. ముప్పై దాటవు. మగవాళ్ళలాగా బూట్లు, నడుముకు పెన్సిళ్ళ సంచి.

అల్బిన్‌కు పండగ వచ్చినట్టయింది. అప్పటికే అతను రెండు ద్రాక్షతోటలు అమ్మి, సిమెంటు, ఇనుము, ఇటుకలు తెచ్చి పెరట్లో పేర్పించాడు. పాత ఇంటిని పడగొట్టి ఇరవై గదుల హోటలు కట్టాలని అతని ఆలోచన. ఆదివారాలు సరిహద్దు దాటి వచ్చే త్రియెస్తే నగరం వాళ్ళు అద్దాల గోడల వెనక కూర్చుని తింటారు. పాత కమాను ఒక్కటి ముందు నిలబెట్టి, దాని మీద రాయికి దీపం పెడతాడు. ఇప్పుడు ప్రభుత్వమే వచ్చి ఆ రాయికి గుర్తింపు బిళ్ళ కొడుతుందంటే బస్సులు వాటంతట అవే వస్తాయి.

"ఊళ్ళో అన్నిటికంటే పాతది మాది మేడమ్," అని ఆమె వెంట తిరిగాడు. "మా ముత్తాత ముత్తాత స్వయంగా చెక్కాడు. రాయండి, రాయండి."

దారింకా నిచ్చెనెక్కి చాలాసేపు ఆ రాయిని చూసింది. వేలితో సున్నం గీకింది. కాగితం మీద ఏదో రాసుకుని దిగింది.

ఆ మధ్యాహ్నం ఊళ్ళో తిండి దొరికేచోటు లేక మా గుమ్మం ముందుకు వచ్చింది. "మామ్మగారూ, ఒక ముక్క రొట్టె అమ్ముతారా?" అంది.

"మా ఇంట్లో రొట్టె అమ్మం, పెడతాం. కూర్చో," అని పులిసిన క్యాబేజీ, చిక్కుడు గింజలు వేసి కాచిన యోతా గిన్నెడు పెట్టాను. ఆకలిగా ఉన్న పిల్ల, తల ఎత్తకుండా తింది. సగం అయ్యాక అంది.

"ఆ పక్కింటి పెద్ద కమాను ఉంది చూడండి. నడిమి రాయి దాని గూటికి జానెడు చిన్నది. చుట్టూ సున్నంతో పూడ్చారు. రాయి పాతదే, కానీ ఆ వాకిలిది కాదేమోనని నా అనుమానం. దాని సంగతి యుస్తీనా మామ్మనే అడుగు అంది పేపా అనే ఆవిడ. మీరేనా?"

పేపా అత్తకు ఎనభై నాలుగేళ్ళు. పదకొండేళ్ళలో ఆమె మొదటిసారి నోరు విప్పింది, అదీ సగమే. నా చెయ్యి అప్పటికే జేబులోకి వెళ్ళింది. పొద్దున్నే ఫోటోను జేబులో పెట్టుకుని ఉన్నాను.

"ఆ రాయి అతనిదే అయితే ఏమవుతుంది?" అని అడిగాను. ఎందుకు అడిగానో తెలియదు. బహుశా ఇన్నేళ్ళు దాచుకున్న మాటను ఒక్క నిమిషం ఇంకా దాచుకుందామనిపించిందేమో.

"అయితే ఇల్లు మొదటి తరగతి. ఊరికి ఒకటో రెండో ఉంటాయి అలాంటివి. ఇల్లు, కొట్టం, గోడ, ముంగిలి దేన్నీ ముట్టుకోకూడదు. కిటికీ పెంచకూడదు, పలక మార్చాలన్నా మమ్మల్ని అడగాలి. ఒక వరస రాయి ఎక్కువ పేర్చకూడదు, తక్కువ చేయకూడదు. ఆయన తర్వాత ఆయన పిల్లలకీ అంతే."

"హోటలు?"

"హోటలేమిటి, కోళ్ళగూడు కూడా కట్టలేడు," అని నవ్వి, మళ్ళీ బాధగా మొహం పెట్టింది. "పెరట్లో సిమెంటు చూశాను. ఆయనకి ఇంకా అర్థమైనట్టు లేదు. గౌరవమనుకుంటున్నాడు. చెప్పబోతే వినిపించుకోడు, వైన్ పోస్తాడు. రాయి వేరేచోటి నుంచి తెచ్చిందైతే మాత్రం ఆయన అదృష్టవంతుడు. కమాను కొత్తదే కాబట్టి ఇల్లు మూడో తరగతి. లోపల ఏం చేసుకున్నా మాకు పట్టదు. మీ ఇంటికి వాకిలే లేదు కనుక మీరూ మూడే."

"మరి రాయి?"

"నిజం తేలితే అసలు యజమాని తీసుకెళ్ళి పెట్టుకోవచ్చు. అప్పుడు ఆ ఇల్లు మొదటి తరగతి అవుతుంది."

నేను జేబులోంచి చెయ్యి తీశాను. గరిట తీసుకుని ఆమె గిన్నెలో ఇంకొంచెం పోశాను.

"రేపు అందరి ముందూ అడుగు. అక్కడే చెప్తాను," అన్నాను.

పొద్దు వాలకముందే అల్బిన్ వచ్చాడు. భుజం మీద ఏడాది ఎండిన పంది తొడ. పదకొండేళ్ళ తర్వాత మా ముంగిట్లో అడుగుపెట్టాడు. దర్వాజా లేని చోట కూడా తలొంచుకునే లోపలికొచ్చాడు, కమాను ఇంకా ఉన్నట్టు.

"వదినా, ఆ పిల్ల నీ దగ్గర తిన్నదట."

"తిన్నది. నీ దగ్గర తాగలేదట, అందుకని ఇక్కడ తిన్నది."

"నీ నోరు మారలేదు," అని పళ్ళికిలించాడు. తొడను బల్ల మీద పెట్టాడు. "చూడు వదినా, పాతవన్నీ తవ్వుకుని మనకేం లాభం? అన్నయ్య లేడు. నువ్వు ఒక్కదానివి. ఆ రాయి ఇక్కడికొచ్చినా నిలబెట్టే కూలి ఎవడిస్తాడు? మాది మాదే అని ఒక్క మాట చెప్పు. చలికాలం కట్టెలు నేను తోలిస్తాను. బతికున్నన్నాళ్ళూ."

"మీది మీదే అని చెప్పాలా?"

"ఒక్క మాట."

"బిళ్ళ కొడతారట కదా నీ వాకిలికి. సంతోషమేనా?"

"సంతోషమేంటి వదినా! కామ్నిదోల్‌లో మొదటి ఇల్లు! త్రియెస్తే పేపర్లో వేస్తారు."

"మొదటి ఇల్లు," అన్నాను. "సరే, చెప్తాను."

అతను నమ్మలేదు. రెండుసార్లు మొహంలోకి చూశాడు. తర్వాత నా చెయ్యి పట్టుకుని ముద్దు పెట్టుకున్నాడు. వెళ్ళాక ఆ చేతిని కడుక్కున్నాను. తొడను మాత్రం అటక కింద వేలాడదీశాను, మంచి మాంసం.

మర్నాడు ఆ వాకిలి ముందు ఊరంతా చేరింది. దారింకా కాగితం పట్టుకుని అడిగింది. "యుస్తీనా మామ్మగారూ, ఈ రాయి ఎప్పటి నుంచి ఇక్కడ ఉంది?"

పేపా అత్త కర్ర మీద వాలి నన్నే చూస్తోంది. అల్బిన్ భార్య జోరా తలగుడ్డ కొసను నోట్లో కుక్కుకుంది. నేను పదకొండేళ్ళలో మొదటిసారి తల ఎత్తి ఆ రాయిని చూశాను. విరిగిన కిరణంలో పిచ్చుక గడ్డి పెట్టుకుంది.

"నేను పెళ్ళికూతురిగా ఈ ఊరొచ్చిన రోజున కూడా అక్కడే ఉంది," అన్నాను.

"గట్టిగా చెప్పగలరా? ఎందుకంటే, అభ్యంతరం ఉంటే మీకే ఉండాలని విన్నాను," అంది దారింకా.

"నాకు అభ్యంతరం లేదు. అది అల్బిన్ వాళ్ళదే."

సంతకం పెట్టాను. నా తర్వాత ఊరి మగవాళ్ళు ఐదుగురు పెట్టారు. వాళ్ళ గుండెల మీద బరువు దిగిపోయినట్టు ఒకరి వీపు ఒకరు తట్టుకుంటూ పెట్టారు. జోరా వచ్చి నన్ను కావలించుకుని, "అక్కా, నువ్వు దేవతవు," అని ఏడ్చింది. ఆమె పాపం చెడ్డది కాదు. ఆ రోజు అల్బిన్ పీపా తెరిచాడు. నాకూ ఒక గ్లాసు వచ్చింది. తాగాను.

పేపా అత్త మాత్రం ఇంటికి వెళ్తూ నా పక్కన ఆగింది. "నీకు మతి పోయిందే?"

"ఇంకా పోలేదత్తా. రెండు నెలలాగు."

రెండు నెలలు పట్టలేదు. ఆరు వారాలకు అల్బిన్‌కు ప్రభుత్వం నుంచి ఉత్తరం వచ్చింది. అప్పటికి అల్బిన్ కొట్టం పైకప్పు పలకలు సగం దింపించి ఉన్నాడు. ఆ పలకలు తిరిగి ఎక్కించాలని, ఎక్కించకపోతే జరిమానా అని మొదటి పేజీలో. రెండో పేజీలో దారింకా నాకు చెప్పినదంతా. ఆ పొద్దున అతని ముంగిట్లోంచి అరుపులు వినిపించాయి. నేను బావి దగ్గర నీళ్ళు తోడుతూ విన్నాను. బకెట్టు నిండినా పోస్తూనే ఉన్నాను.

మధ్యాహ్నం వచ్చాడు. ఈసారి చేతుల్లో ఏమీ లేదు.

"నీకు తెలుసు! ఆ పిల్ల నీకు ముందే చెప్పింది!"

"చెప్పింది."

"తెలిసీ నోరు మూసుకున్నావా?"

"మూసుకోలేదే. నువ్వు చెప్పమన్న మాటే చెప్పాను. కట్టెలు ఎప్పుడు తోలిస్తావు?"

అతను మెట్టు మీద కూలబడ్డాడు. పెద్ద మనిషి, మెడ ఎర్రగా కంది ఉంది. "తోటలు అమ్మేశాను వదినా. సిమెంటు గడ్డకట్టిపోతుంది. కొడుకు ఆ హోటలు చూసుకుంటానని ఫ్యాక్టరీ ఉద్యోగం మానేశాడు. నీ దగ్గర పెళ్ళి ఫోటో ఉందిగా. నాకు తెలుసు, ఒకప్పుడు అన్నయ్య చూపించాడు. అది చూపిస్తే చాలు. రాయి నీకొచ్చేస్తుంది. నేనే నిలబెట్టిస్తాను, నా కూలి, నా సున్నం. నీకు కావలసింది అదేగా?"

"రాయి నా దగ్గరికి ఎలా రావాలి? ఎగిరొస్తుందా? అది నీ వాకిలి మీదికి ఎలా వెళ్ళిందో ఎవరు చెప్తారు?"

అతను టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"వచ్చే ఆదివారం ఆ పిల్ల పాత బడిలో పటం పెట్టి ఏ ఇల్లు ఏ తరగతో ఊరికంతా చదివి వినిపిస్తుంది. అక్కడ లేచి చెప్పు. ఏం చేశావో, ఎమిల్‌తో ఏమన్నావో, అన్నీ. ఆ తర్వాత నన్ను అడుగుతారు. నేను చెప్పాల్సింది నేను చెప్తాను."

"ఊరందరి ముందా?"

"నువ్వు ఎమిల్‌తో అన్న మాట నేను వినేలాగే అన్నావుగా. అంతకంటే గట్టిగా అక్కర్లేదు."

ఆదివారం పూజ అయ్యాక అందరూ పాత బడిలో బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నారు. గోడ మీద ఊరి పటం. మొదటి తరగతి ఇల్లు ఎర్రగా, ఒక్కటే ఉంది. దారింకా చదవడం అవ్వగానే అల్బిన్ లేచాడు. పండగ కోటు వేసుకున్నాడు. లేవడేమో అనుకున్నాను గాని, లేచాడు.

"ఆ రాయి మాది కాదు," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "మాది కాదు. అన్నయ్య ఎమిల్‌ది. నేను ట్రాక్టరుతో వాళ్ళ వాకిలి పడగొట్టాను. అతను ఆస్పత్రిలో ఉంటే రాయి తెచ్చి నా వాకిలి మీద పెట్టుకున్నాను. అడగడానికొస్తే..." ఆగాడు. నా వైపు చూశాడు. నేను చూపు తిప్పలేదు. "అడగడానికొస్తే నీకు పిల్లల్లేరు, వారసుడు లేడు అన్నాను. దొంగతనం. నేను దొంగని."

పదకొండేళ్ళు నేను వినాలనుకున్న మాట అది. అనుకున్నంత పెద్దగా వినిపించలేదు. చలికి చేతులు రుద్దుకుంటున్నట్టు అనేసి కూర్చున్నాడు.

దారింకా పెన్సిలు కింద పెట్టింది. ఆమె మొహంలో కోపం లేదు, అలసట ఉంది. "అల్బిన్‌గారూ, ప్రతి ఊళ్ళోనూ ఇదే. కాగితం రానంతవరకూ రాయి ముత్తాతది. మొదటి తరగతి అనగానే రాయి దొంగది అయిపోతుంది. పోయిన నెల ఒకాయన తన ఇల్లే దొంగిలించానన్నాడు." ఎవరో కిసుక్కుమన్నారు. "మీ మాటకు సాక్షి ఉన్నారా? మొన్న సంతకాలు పెట్టిన ఐదుగురూ ఇక్కడే ఉన్నారు. మీలో ఎవరైనా మాట మార్చుకుంటారా?"

ఐదుగురూ బూట్ల వైపు చూసుకున్నారు. తప్పుడు సాక్ష్యం కాగితం మీద ఉంది, కింద పేర్లున్నాయి. రాళ్ళన్నీ ఒక్కలాగే ఉంటాయని పదకొండేళ్ళు అన్నవాళ్ళు ఇంకేం అంటారు?

"యుస్తీనా మామ్మగారూ," అంది దారింకా.

నేను లేచాను. ఫోటో జేబులోనే ఉంది. దాని మూల గుడ్డలోంచి తొడకు గుచ్చుకుంటోంది. తీసి బల్ల మీద పెడితే సాయంత్రానికి రాయి దిగుతుంది. వచ్చే జూన్‌కు ఎమిల్ వాకిలి మీద 1679. అల్బిన్ నా వైపు చూస్తున్నాడు, ఆస్పత్రిలో డాక్టరు వైపు చూసినట్టు. పేపా అత్త "చెప్పవే," అని పెదవులతోనే అంటోంది.

రాయి తిరిగొస్తే అతని హోటలు కూడా తిరిగొస్తుంది. ఆ అద్దాల వెనక దీపాలు వెలుగుతుంటే నేను ఆ రాయి కింద కూర్చుని చూడాలి. దొంగనని ఒక్కసారి అన్నాడు. వచ్చే ఐవీ గుత్తికల్లా ఊరు ఆ మాట తాగి మర్చిపోతుంది.

"పాపం అల్బిన్," అన్నాను. "తోటలు అమ్మేసిన దగ్గర్నుంచీ మనసు బాగోలేదు. ఆ రాయి ఎప్పుడూ అక్కడే ఉంది."

జోరా "అక్కా!" అని ఒక్క కేక పెట్టింది. అల్బిన్ కూర్చున్నచోటే కోటు గుండీలు ఒక్కొక్కటే విప్పుకున్నాడు, అన్నీ అయ్యాక మళ్ళీ పెట్టుకున్నాడు. దారింకా రాసుకుంది.

బయటికొచ్చాక పేపా అత్త నా దారికి అడ్డంగా కర్ర పెట్టింది. "ఎమిల్ ఉంటే రాయి తీసుకునేవాడే. వాడికి రాయి కావాలి. నీకేం కావాలో నీకే తెలియాలి."

"ఎమిల్ ఉంటే నేనూ తీసుకునేదాన్ని," అన్నాను. ఆమె కర్ర తీసింది. ఆ తర్వాత ఆమె మా ఇంటికి రావడం మానేసింది.

ఇంటికొచ్చి ఫోటోను పొయ్యిలో పెట్టాను. ఇంట్లో ఉంటే ఏదో ఒక రోజు నా చెయ్యే దాన్ని బయటికి తీస్తుందని భయం. ఎమిల్ మొహం, దగ్గు రాకముందు మొహం, ఆ ఒక్కదాంట్లోనే ఉండేది. ముందు అంచులు ముడుచుకున్నాయి. నేను గరిటతో లోపలికి తోశాను.

మాది మూడో తరగతి ఇల్లు. మూడో తరగతివాళ్ళు కావలసిన మార్పులు చేసుకోవచ్చు. సెప్టెంబరులో తాపీపని చేసే లోయ్జెను పిలిచాను. మేడ మీద గదిలో అల్బిన్ ముంగిలి వైపు గోడ చూపించి, కిటికీ కొట్టమన్నాను.

"ఈశాన్యం గోడకా?" అన్నాడు. "పెద్దమ్మా, ఈ ఊళ్ళో బుర్యా గాలి వైపు పిల్లి దూరే కన్నం కూడా ఎవరూ పెట్టరు. మీ పెద్దలు మూడొందల ఏళ్ళు గుడ్డిగోడ ఎందుకు ఉంచారనుకున్నావు? నిన్ను మంచంతో సహా లేపుకుపోతుంది."

"ఎంత పెద్దది పెట్టగలవు?"

"వినవు కదా."

"నా చేతులు చాచినంత పెట్టు. ఒక్కటే అద్దం."

రెండడుగుల మందం గోడ కొట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ఐదో రోజు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అల్బిన్ ముంగిలి అరచేతిలో ఉన్నట్టు కనిపించింది. తడిసి గడ్డకట్టిన సిమెంటు బస్తాలు, తుప్పు పట్టిన ఇనుము, తిరిగి ఎక్కించిన పలకలు. అల్బిన్ బయటికొచ్చి, తలెత్తి నన్ను చూసి, లోపలికి వెళ్ళిపోయాడు. ఆ వారమే గోడ మూడు వరసలు పెంచుకుంటానని అర్జీ పెట్టుకున్నాడట. తిప్పి పంపారు. బట్టలు ఆరేసే తీగ కట్టి దుప్పట్లు వేలాడదీశాడు. గాలి వాటిని ఉండనివ్వలేదు.

నవంబరు నుంచి బుర్యా మొదలైంది. అద్దం రాత్రీ పగలూ గడగడలాడుతుంది. చట్రం సందుల్లోంచి గాలి ఈల వేస్తుంది. ఆ గదిలో పొయ్యి రాజుకోదు, పొగ గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. దగ్గు పట్టుకుంది. కింద గదిలో పడుకోమని నర్సు చెప్పి వెళ్ళింది. కింద వెచ్చగానే ఉంటుంది. పొద్దున్నే రెండు శాలువాలు కప్పుకుని, ఎమిల్ గని కోటు పైన వేసుకుని, కాఫీ పట్టుకుని మేడెక్కుతాను. అల్బిన్ కట్టెల కోసం బయటికి రాక తప్పదు. వచ్చేదాకా కూర్చుంటాను.